పదిహేనుకీ యాభైకీ మధ్య: పాత కారు క్లాసిక్ అయ్యేదెప్పుడు?

మోటారు వాహనాల నిబంధనల్లో ‘వింటేజ్’ అన్న మాటకు నిర్వచనం ఉంది. ‘క్లాసిక్’ అన్న మాటకు లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

1974 నాటి మార్క్-2 అంబాసిడర్ ఒకటి, 1986 నాటి మారుతి 800 ఒకటి ఒకే షెడ్డులో ఉన్నాయనుకుందాం. రెండూ కండిషన్‌లో ఉన్నాయి, రెండింటినీ సిగ్నల్ దగ్గర జనం తలతిప్పి చూస్తారు. రవాణా శాఖ లెక్కలో మొదటిది వింటేజ్ కాగలదు. రెండోది పదిహేనేళ్ళు దాటేసిన ముసలి బండి, అంతే. బీమా కంపెనీ కంప్యూటర్‌కి రెండూ ముసలివే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవాని అడిగితే రెండూ చారిత్రక వాహనాలయ్యే వయసులోనే ఉన్నాయంటుంది. ఒకే కారుకి అడిగినచోటల్లా ఒక్కో జవాబు. కొనేవాళ్ళు ‘ఎన్నేళ్ళది’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు గానీ, డబ్బు పోయేది మాత్రం బీమా దగ్గర.

వయసు లెక్కలు

ఫీవా కొలత సూటిగా ఉంటుంది. కారుకి కనీసం 30 ఏళ్ళు నిండాలి, పుట్టినప్పటి రూపానికి దగ్గరగా ఉండాలి, రోజువారీ రాకపోకలకు వాడకూడదు. బ్రిటన్‌లో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనవని పాతకాలపు క్లబ్బుల పట్టింపు. అక్కడి ప్రభుత్వం మాత్రం ఆ పేర్ల జోలికి పోకుండా 40 ఏళ్ళు దాటిన కారుకి రోడ్డు పన్ను మాఫీ చేస్తుంది. జర్మనీలో 30 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నదానికి నంబరు చివర ‘హెచ్’ అక్షరం ఇస్తారు. మన దగ్గర ర్యాలీల్లో సుమారుగా 1939-40 దాకా వచ్చినవి వింటేజ్, ఆ తర్వాతవి క్లాసిక్ అని విడగొడతారు. ఇది క్లబ్బుల ఆనవాయితీ. ఆర్టీవో కౌంటర్లో దీన్ని చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

ప్రభుత్వం గీసిన గీత 2021 జులైది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్ళు దాటిన సొంత వాడకపు ద్విచక్ర వాహనం గానీ కారు గానీ వింటేజ్ అవుతుంది. అందులో ఒక షరతుంది: అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌కో బాడీ షెల్‌కో (బండి పై రేకు కట్టడానికో) ఇంజన్‌కో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో దరఖాస్తు చేస్తారు. బీమా పాలసీ, ఫీజు, పాత ఆర్సీ, విదేశం నుంచి తెచ్చిందైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ జతచేయాలి. రాష్ట్ర స్థాయి కమిటీ బండిని చూస్తుంది. 60 రోజుల్లో ఫారం 23ఏలో సర్టిఫికెట్ ఇవ్వాలి. కొత్తగా ఇచ్చే నంబర్లో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అప్పటికే మన దేశంలో రిజిస్టరైన బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. ఏపీలో 1989కి ముందు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లుండేవి. వాటిని పోగొట్టుకోవడానికి ఏ ఓనరూ ఇష్టపడడు గనక ఈ వెసులుబాటు చిన్నదేం కాదు.

ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకు. ఆ తర్వాత మళ్ళీ రిజిస్ట్రేషన్‌కి 5,000. ఇది ఎక్కువా తక్కువా అన్నది పక్కనున్న లెక్కతో పోల్చుకుంటేనే తెలుస్తుంది. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్ళు దాటిన మామూలు కారు ఆర్సీ రెన్యువల్ ఫీజు ఐదేళ్ళకు 10,000. అంటే పదేళ్ళకు అదీ 20,000కే తేలుతుంది. విదేశాల నుంచి తెచ్చిన కారుకైతే రెన్యువల్ ఐదేళ్ళకు 80,000. అలాంటి కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ స్పష్టంగా లాభం. అంబాసిడర్‌కి మొదటి పదేళ్ళలో ఫీజు దగ్గర మిగిలేదేమీ లేదు.

పైగా వింటేజ్ నంబరుతో వచ్చే కట్టుబాట్లున్నాయి. ప్రదర్శన, పరిశోధన, ర్యాలీ, వాటికి వెళ్ళి రావడం, పెట్రోలు కొట్టించుకోవడం, రిపేరు: ఈ పనులకే రోడ్డెక్కాలి. రోజూ ఆఫీసుకీ, వారాంతంలో బంధువులింటికీ వెళ్ళడానికి ఒప్పుకోరు. బండిని నిజంగా నడుపుకోవాలనుకునేవాళ్ళు 50 దాటాక కూడా మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకోవడం మేలు. ఈ మాట క్లబ్బుల్లో గట్టిగా అనరు గానీ, పాటించేవాళ్ళు చాలామంది.

పదిహేనేళ్ళు నిండినా యాభై నిండని కార్ల సంగతే ఇరకాటం. 1982 ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, 1991లో వచ్చిన టాటా సియెర్రా, తొలి మారుతులు అన్నీ ఈ సందులోనే ఉన్నాయి. ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి, రెన్యువల్ ఫీజూ గ్రీన్ ట్యాక్సూ కట్టి, ఇరవై ఏళ్ళ నాటి ఏ డొక్కు బండితోనైనా ఒకే వరసలో నిలబడాలి. మొట్టమొదటి మారుతి 800 ఓనరు చేతికి వెళ్ళింది 1983 డిసెంబర్‌లో. అంటే 2033 చివరిదాకా మన దేశంలో ఒక్క మారుతి కూడా వింటేజ్ కాజాలదు.

అసలు ఎంత, అతుకు ఎంత

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటి కారు గురించి ఎవరూ వాదించరు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చి, అది చేరేలోగా కన్నుమూస్తే ఏడో నిజాంకి దక్కిన బండి అది. తిరిగింది తక్కువ, కాగితాలు ఉన్నాయి, ఎవరిదో లోకానికి తెలుసు. వాదన వచ్చేది పది చేతులు మారి, ఇరవై షెడ్లు తిరిగిన అంబాసిడర్ దగ్గర.

ముందు చూడాల్సింది చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. ఆర్టీవో అడిగే పెన్సిల్ ప్రింట్ కొనేవాడికీ మంచి సాధనమే. నంబరున్న చోట గ్రీజు, మట్టి కిరోసిన్ గుడ్డతో తుడవాలి. వైర్ బ్రష్ పెట్టకూడదు. అంకెల అంచులు అరిగితే నిజమైన నంబరు కూడా చెరిపి కొట్టినట్టు కనిపిస్తుంది. ఆరాక పల్చటి కాగితం పరిచి, నాలుగు పక్కలా టేపు వేసి, మెత్తటి పెన్సిల్‌ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. కంటికి కనిపించనివి కాగితం మీద తేలతాయి. అంకెల వరస కొంచెం వంకరగా ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ రోజుల్లో చాలా ఫ్యాక్టరీల్లో చేత్తోనే కొట్టేవారు. అంకెల వెనక ఒకే దిక్కుకి సాగిన సన్నటి గ్రైండర్ గీతలుంటే మాత్రం బేరం ఆపేయాలి. నంబరున్న రేకు చుట్టూ వెల్డింగ్ గీత ఉన్నా అంతే.

తర్వాత ఆ ప్రింట్‌ని ఆర్సీ పక్కన పెట్టి అంకె అంకె చూసుకోవాలి. చేతిరాత ఆర్సీ పుస్తకాలని కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు 3 కాస్తా 8 అయినవి, సున్నా బదులు ‘ఓ’ అక్షరం పడినవి కొల్లలు. కొన్ని బళ్ళు అసలు ఎక్కనే లేదు, వాటికి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఈ పని పాత ఓనరు పేరు మీద ఉండగానే, డబ్బు పూర్తిగా ఇచ్చేలోపే జరగాలి. తర్వాత ఆయన ఫోనెత్తడు. తేడా ఉన్న ఆర్సీతో బీమా తీసుకుంటే ప్రీమియం హాయిగా కట్టించుకుంటారు. క్లెయిమ్ రోజున నష్టం అంచనా వేసే సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఇంజన్ సంగతి ఇంకా తిరకాసు. మార్క్-2 అంబాసిడర్‌లో రావాల్సింది బ్రిటిష్ కంపెనీ బీఎంసీ 1489 సీసీ పెట్రోలు ఇంజన్, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు. రోడ్ల మీద మిగిలినవాటిలో చాలావాటికి డీజిల్ ఇంజన్ ఎక్కించారు, లేదా తర్వాతి కాలపు 1800 సీసీ ఇసుజు ఇంజనూ ఐదు గేర్ల బాక్సూ బిగించి గేర్ రాడ్డు కిందకి తెచ్చారు. నడపడానికి అవి నిజంగానే బాగుంటాయి. కానీ వింటేజ్ నిబంధనలో ఇంజన్ మార్పు అన్న మాట స్పష్టంగా ఉంది. ఆర్సీలో ఎక్కించకుండా చేసిన మార్పైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కీ అడ్డం. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చిచెప్పింది.

ఇక్కడ రిపేరుకీ మార్పుకీ తేడా తెలిసి ఉండాలి. రీబోర్ చేయించి (అరిగిన సిలిండర్లని కాస్త వెడల్పు చేయించి) 20 థౌ, 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టన్లు వేయడం ఆ ఇంజన్లకు నిత్యకృత్యం, దాన్ని మార్పు అనరు. తుప్పుపట్టిన ఫ్లోరు రేకు కోసి అదే మందం రేకు అదే ఆకారంలో వేస్తే రిపేరు. టాపు కోసేసి, ముందు గుండ్రటి లైట్లు పెట్టి, పెళ్ళి ఊరేగింపుకి ‘వింటేజ్ లుక్’ తెప్పించిన పద్మినికి మాత్రం క్లాసిక్ అయ్యే దారి శాశ్వతంగా మూసుకుపోయినట్టే. ఆ టాపు బాడీ షెల్‌లో భాగం. అంబాసిడర్, పద్మిని రెండిటికీ విడిగా ఫ్రేము ఉండదు, బాడీయే బలం. టాపు తీసేస్తే బండి నడుం విరుగుతుంది. కొన్నాళ్ళకు తలుపులు సరిగా పడకపోవడం మొదటి గుర్తు.

అదే కారణంగా తుప్పు కూడా వీటిలో అందం సమస్య కాదు. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళితే చాలు. తలుపుల కింది అంచు, గుమ్మాల కిందుండే పెట్టె భాగం, చక్రాల పైకమాను, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, వెనక కమాన్‌పట్టీల బ్రాకెట్లు తాకి చూడాలి. అయస్కాంతం జారిపోయిన చోట రేకు లేదు, లప్పం ఉంది. కొత్త పెయింటుతో ధగధగ మెరిసే బండి కంటే, రంగు వెలిసినా అయస్కాంతం గట్టిగా పట్టుకునే బండే ఎక్కువ ధర చేస్తుంది, చేయాలి కూడా. పెయింటు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

డైనమో బదులు ఆల్టర్నేటర్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, సీటు బెల్టులు లాంటివి వెనక్కి తీసేయగలిగిన మార్పులు. బండికి వీటివల్ల నష్టం లేదు, విప్పిన పాత సామానుని చీటీ కట్టి పెట్టెలో దాచినంతకాలం. మార్క్-2కి చిన్న గడుల గ్రిల్ ఉండాలి. దాని చోట మార్క్-4 గ్రిల్ బిగించి, పాతది పాతఇనుము వాడికి అమ్మేసినవాళ్ళు ఇప్పుడు దానికోసమే ఆటోనగర్‌లో షాపు షాపూ తిరుగుతున్నారు.

బీమా దగ్గర అసలు కథ

మామూలు కారు పాలసీలో కారు విలువని ఐడీవీ అంటారు. కొత్త ధర మీద వయసుని బట్టి తరుగు తీస్తారు: ఆర్నెల్ల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, అక్కణ్ణుంచి పెరుగుతూ నాలుగైదేళ్ళ మధ్య 50. ఐదేళ్ళు దాటినవాటికి, తయారీ ఆగిపోయిన మోడళ్ళకి పట్టికలో గడే లేదు. కంపెనీ, ఓనరు మాట్లాడుకుని ఒప్పుకున్నదే ఐడీవీ. ఈ ఒక్క వాక్యం పాత కారు ఓనరుకి ఉన్న అతి పెద్ద హక్కు. దాన్ని వాడుకునేవాళ్ళు తక్కువ. ఆన్‌లైన్‌లో బండి వయసు కొట్టగానే థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ఒక్కటే చూపిస్తుంది. లేదా ఏజెంటు పోయినేడాది అంకె మీద పది శాతం తగ్గించి రెన్యువల్ చేసేస్తాడు. అలా ఏళ్ళు గడిచేసరికి ఆరు లక్షలు పోసి బాగుచేయించిన పద్మిని, పాలసీలో లక్ష రూపాయల బండిగా మిగులుతుంది.

ప్రీమియం తగ్గింది కదా అని సంతోషించేవాళ్ళు ఒక లెక్క చూడాలి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పాలసీ దాన్ని టోటల్ లాస్‌గా, అంటే బండి పూర్తిగా పోయినట్టుగా లెక్కిస్తుంది. ఐడీవీ లక్ష ఉన్న కారుకి ముందు భాగం గుద్దుకుని 78,000 ఎస్టిమేట్ వచ్చిందనుకుందాం. ముందు రేకులు, గ్రిల్, రేడియేటర్, బంపర్, టింకరింగ్, పెయింటు కలిస్తే ఆ అంకె పెద్దదేం కాదు. కానీ 75,000 దాటింది. కంపెనీ లక్షలో కంపల్సరీ ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో ఓనరే భరించాల్సిన మొత్తం) తీసేసి మిగతాది ఇస్తుంది, కారు తీసుకుంటుంది. కారు మాకే కావాలంటే దాని పాతసామాను ధర కోసుకుని ఇస్తుంది, ఆర్సీ రద్దు చేయించమని కూడా అడగొచ్చు. నెల రోజుల్లో బాగయ్యే దెబ్బకి యాభై ఏళ్ళ చరిత్ర కాగితం మీద చచ్చిపోతుంది. తక్కువ ఐడీవీ వల్ల వచ్చే డబ్బు తగ్గడం అందరూ ఊహించేదే. బాగుచేసుకునే అవకాశమే పోతుందన్న సంగతి క్లెయిమ్ దాకా ఎవరికీ తట్టదు. అదే కారుకి ఐడీవీ ఆరు లక్షలుంటే 78,000 మామూలు రిపేరు క్లెయిమ్.

దీనికి పక్కా మందు ఒప్పుకున్న విలువ పాలసీ. కారు పూర్తిగా పోతే తరుగు మాట లేకుండా ముందే రాసుకున్న మొత్తం ఇచ్చేస్తారు. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్, అంటే వాహన బీమా రేట్ల, షరతుల పుస్తకం, ఈ పాలసీని ఒక్క వింటేజ్ కార్లకే అనుమతించింది. అయితే ఆ టారిఫ్ చెప్పే వింటేజ్ వేరు: 1940 డిసెంబర్ 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్నవి. వాటికే ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 25 శాతం రాయితీ కూడా. 2007లో ఓన్ డ్యామేజ్ రేట్లు కంపెనీల చేతికి వదిలేశారు గానీ, ఆ టారిఫ్‌లోని మాటలు పాలసీల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఫలితం ఏమిటంటే, రవాణా శాఖ దగ్గర వింటేజ్ నంబరు సంపాదించిన 1965 స్టాండర్డ్ హెరాల్డ్, బీమా టారిఫ్ దృష్టిలో పాతిక సంవత్సరాల తేడాతో వింటేజ్ కాదు. రెండు శాఖలూ ఒకే మాటని రెండు అర్థాల్లో వాడుతున్నాయి.

మరి 1940 తర్వాతి కారుకి దారి లేదా? ఉంది, అదే టారిఫ్‌లో ఉంది. పాలసీలో రాసిన ఐడీవీని, టోటల్ లాస్ విషయంలో పాలసీ కాలమంతా మార్కెట్ విలువగానే తీసుకోవాలి, మళ్ళీ తరుగు తీయకూడదు. అంటే మాట్లాడుకుని రాయించుకున్న ఐడీవీ పూర్తి నష్టం దగ్గర దాదాపు ఒప్పుకున్న విలువలాగే పనిచేస్తుంది. రిపేరు క్లెయిముల దగ్గర మాత్రం తరుగు కోత తప్పదు.

ఆ అంకె రాయించుకోవడానికి ఆన్‌లైన్ వదిలి బ్రాంచి ఆఫీసుకి వెళ్ళాలి. చేతిలో ఉండాల్సింది లైసెన్సున్న సర్వేయర్ రాసిన వాల్యుయేషన్ రిపోర్టు. దానికి ఊతంగా ఫొటోలు: నాలుగు మూలల నుంచి బండి, బానెట్ లోపల, డ్యాష్‌బోర్డు, సీట్లు, డిక్కీ, పిట్ మీద నిలబెట్టి కింది భాగం, చాసిస్ నంబరు దగ్గరగా. ఇరవై, పాతిక ఫొటోలు తేదీతో సహా ఉంటే చాలు. పనిచేయించిన బిల్లులు, అదే మోడల్ అమ్మకానికి వచ్చిన ధరలు జతచేయాలి. కంపెనీ ఒప్పుకున్నాక పాలసీ షెడ్యూల్‌లో ఆ అంకె అచ్చయిందో లేదో అక్కడే చూసుకోవాలి. ‘సిస్టమ్ ఒప్పుకోవట్లేదు, తర్వాత మారుద్దాం’ అంటే ఆ ‘తర్వాత’ రాదు. రెన్యువల్ నెలకి ముందే ఈ పని మొదలుపెట్టాలి. పాలసీ ఒక్కరోజు తెగినా మళ్ళీ ఇన్‌స్పెక్షన్ దగ్గర్నుంచి మొదలు.

ప్రీమియం ఎంతవుతుంది? పాత టారిఫ్‌లో హైదరాబాద్ లాంటి నగరాలకి, పదేళ్ళు దాటిన 1000-1500 సీసీ కారుకి రేటు 3.529 శాతం. ఆరు లక్షల ఐడీవీ మీద 21,174 రూపాయలు. ఇప్పుడు కంపెనీని బట్టి దీనిమీద తగ్గింపు దొరుకుతుంది, బేరమాడాలి. థర్డ్ పార్టీ రేటు మాత్రం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు 2,094, వెయ్యి నుంచి 1500 దాకా 3,416, ఆపైన 7,897. వింటేజ్‌గా రిజిస్టరైన కారుకి ఇందులో సగమే. 1489 సీసీ అంబాసిడర్‌కి 1,708. ఇక్కడ ‘వింటేజ్‌గా రిజిస్టరైన’ అన్నదే ముఖ్యం. మామూలు ఆర్సీ మీద నడిచే అరవయ్యేళ్ళ కారుకి ఈ సగం రాదు.

రిపేరు క్లెయిమ్‌లో కోత ఎలా పడుతుందంటే: పదేళ్ళు దాటిన బండికి ఇనుప సామాను మీద 50 శాతం, రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ మీద 50, ఫైబర్ మీద 30, అద్దాల మీద సున్నా. పెయింటు బిల్లులో నాలుగో వంతుని మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం కోస్తారు. క్రోమ్ బంపర్ 18,000, బీడింగులు 3,000, ముందు అద్దం 6,000, పెయింటు 40,000, టింకరింగ్ కూలి 15,000 అనుకుంటే బిల్లు 82,000. బంపర్‌లో 9,000, బీడింగుల్లో 1,500, పెయింటులో 5,000, పైన ఎక్సెస్ 1,000 పోతాయి. చేతికొచ్చేది 65,500. కూలి ఎక్కువ, సామాను తక్కువ ఉన్న పనుల్లో పాత కారు క్లెయిమ్ అనుకున్నంత అన్యాయంగా ఉండదన్నమాట. ఈ తరుగు కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ కొత్త బళ్ళ వ్యవహారం, ఈ వయసుకి అడగడం వృథా.

కోత కంటే ఎక్కువగా దెబ్బతీసేది బిల్లు. పాత గ్రిల్ ఆటోనగర్‌లో దొరుకుతుంది, నగదుకి, తెల్లకాగితం మీద. సర్వేయర్‌కి ఆ కాగితం చెల్లదు. కొనే ముందే ధర చెప్పి, ఫొటో పంపి, ఆయన నుంచి మెయిల్ మీద ఒప్పుకోలు తీసుకుంటే సగం గొడవ తప్పుతుంది. జీఎస్టీ బిల్లు ఇచ్చే షాపుకి పదిశాతం ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఏవి కవర్ కావో కూడా తెలిసుండాలి. అరుగుదల, ఇంజన్ పాడవడం, వైరింగ్ పాడవడం ఏ పాలసీలోనూ రావు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ కార్లకు చేసే హాని ఇందులోకే వస్తుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, మెకానికల్ పెట్రోలు పంపు లోపలి డయాఫ్రమ్, కార్బొరేటర్ గాస్కెట్లు ఇథనాల్‌కి ఉబ్బి, పగిలి కారతాయి. నెలల తరబడి నిలవున్న ట్యాంకులో ఇథనాల్ తేమని పీల్చుకుని నీళ్ళతో సహా అడుక్కి దిగి తుప్పు పట్టిస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే వైటాన్ రకానివి వేయించడం, బండి నిలిపేముందు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయడం ఓనరు ఖర్చే. అయితే ఆ కారిన పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మీద పడి మంటలొస్తే అది అగ్నిప్రమాదం, పాలసీలో ఉంది. అప్పుడు సర్వేయర్ చూసేది ఫ్యూజు లేకుండా లాగిన హారన్, స్టీరియో తీగల్ని. బ్యాటరీకి ఒక కటాఫ్ స్విచ్ కొన్ని వందల్లో అయిపోతుంది.

వాడకం షరతు ఇంకోటి. ప్రైవేటు కారు పాలసీ అద్దె వాడకాన్ని ఒప్పుకోదు. హైదరాబాద్‌లో పాత కార్లకి పెళ్ళిళ్ళ నుంచీ, ఏ డెబ్బైల కథో తీసే సినిమా యూనిట్ల నుంచీ గిరాకీ బాగానే ఉంటుంది. డబ్బు తీసుకుని పంపిన రోజున దెబ్బ తగిలితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకూడదు. వింటేజ్ నంబరైతే రిజిస్ట్రేషన్ షరతు కూడా దాటినట్టే. ర్యాలీలకీ ఒక మెలిక ఉంది. ఊరికే వరసగా వెళ్ళి ప్రదర్శనలో నిలబెట్టడం వేరు, టైము లెక్కగట్టే రిలయబిలిటీ ట్రయల్ వేరు. రెండోదానికి ఐఎంటీ 31 అనే ఎండార్స్‌మెంట్‌ని (పాలసీకి జతచేసే అదనపు షరతుని) అదనపు ప్రీమియం కట్టి ముందే వేయించుకోవాలి.

అమెరికాలో ఉంటూ పాత ఫోర్డ్ మస్టాంగో, తొలి మాజ్డా మియాటానో ముచ్చటపడి కొనుక్కునే తెలుగువాళ్ళకి ఇదే వల వేరే పేరుతో ఎదురవుతుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పాతికేళ్ళు దాటితే యాంటిక్ ప్లేటు దొరుకుతుంది, పాత కార్లకే ప్రత్యేకంగా బీమా చేసే కంపెనీలూ ఉన్నాయి. ‘అగ్రీడ్ వాల్యూ’ అంటే రాసుకున్నంతా ఇస్తారు. ‘స్టేటెడ్ వాల్యూ’ అంటే రాసుకున్నదీ, ఆనాటి మార్కెట్ విలువా, ఏది తక్కువైతే అది. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి, ప్రీమియం కూడా మరీ తేడా కనిపించకపోవచ్చు. సంతకం పెట్టేముందు ఆ ఒక్క పదం చూసుకుంటే చాలు. మూసిన గ్యారేజీ, రోజువారీకి ఇంకో కారు, ఏడాదికి ఇన్ని మైళ్ళే అన్న షరతులు మామూలే.

ఇక బాగుచేయించడానికి ఏడాదో రెండేళ్ళో షెడ్డులో విప్పి పడేసిన కారు సంగతి. దానికి బీమా ఎందుకని పాలసీ వదిలేస్తారు. సగం విప్పిన బండికి ప్రమాదం రోడ్డు మీద కాదు, వెల్డింగ్ నిప్పురవ్వ నుంచి, దొంగ నుంచి. గ్యారేజీలో నిలిపి ఉంచిన, వాడకంలో లేని కారుకి అగ్నిప్రమాదం, దొంగతనం మాత్రమే కవర్ చేసే పాలసీ టారిఫ్‌లోనే ఉంది. విప్పిన డోర్లు, గేర్‌బాక్స్, సీట్లు ఏ గదిలో ఉన్నాయో ఫొటో తీసి ఉంచాలి. బండికి బిగించి లేని సామాను పోతే లెక్క చెప్పాల్సింది ఓనరే. పని పూర్తయి ట్రయల్‌కి బయటికి తీసేముందు మాత్రం థర్డ్ పార్టీతో సహా పూర్తి పాలసీ చేతికి రావాలి, కొత్త ఐడీవీతో. పెయింటు ఆరని బండిని వీధి చివరిదాకా తిప్పి చూద్దామనిపించేది సరిగ్గా ఆ ముందు రోజే.